షాడో డామ్ లోపలికి వెనిల్లా ఎక్స్‌ట్రాక్ట్ స్టైల్ ఎందుకు రాదు?

వెనిల్లా ఎక్స్‌ట్రాక్ట్ (టైప్‌స్క్రిప్ట్‌లో స్టైల్స్ రాసే లైబ్రరీ)తో స్టైల్ చేసిన బటన్‌ని వెబ్ కాంపొనెంట్‌గా, అంటే సొంత హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌గా మార్చగానే స్టైల్ మొత్తం పోయిందని, టైప్‌స్క్రిప్ట్ మాత్రం ఒక్క ఎర్రర్ కూడా చూపించట్లేదని అడిగారు. మాదాపూర్‌లో మా టీమ్ కూడా దీని మీదే రెండు రోజులు బుర్ర గోక్కుంది.

టైప్‌స్క్రిప్ట్ చూసేది ప్రాపర్టీ పేరు, థీమ్ టోకెన్ (రంగు, సైజు లాంటి విలువ) పేరు సరిగ్గా ఉన్నాయా అన్నదే. ఆ క్లాస్ ఎక్కడ వాడతారో దానికి పట్టదు. వెనిల్లా ఎక్స్‌ట్రాక్ట్ బిల్డ్ అప్పుడే మామూలు సీఎస్ఎస్ ఫైల్ తయారుచేస్తుంది, అది పేజీకి తగులుకుంటుంది. షాడో డామ్ అంటే కాంపొనెంట్ లోపలి భాగాన్ని పేజీ నుంచి వేరుగా ఉంచే గది, దాని మొదలే షాడో రూట్. పేజీలోని క్లాస్ సెలెక్టర్లు ఆ షాడో రూట్ గడప దాటవు.

సీఎస్ఎస్ వేరియబుల్స్ మాత్రం దాటతాయి, ఎందుకంటే అవి పైనుంచి కిందికి వారసత్వంగా వస్తాయి. కాబట్టి రంగులు, సైజులు ‘క్రియేట్‌గ్లోబల్‌థీమ్’తో ‘:రూట్’ మీద పెట్టండి, లోపలి స్టైల్స్‌లో ఆ వేరియబుల్సే వాడండి. లోపలి క్లాసుల కోసమైతే, తయారైన సీఎస్ఎస్‌ని స్ట్రింగ్‌గా తెచ్చుకుని, దాంతో ఒక ‘సీఎస్ఎస్‌స్టైల్‌షీట్’ ఆబ్జెక్ట్ తయారుచేసి, షాడో రూట్ ‘అడాప్టెడ్‌స్టైల్‌షీట్స్’కి ఇవ్వాలి.

వెబ్ కాంపొనెంట్లు రాసే లైబ్రరీ లిట్‌లో ఇంకో దారి ఉంది: ‘క్రియేట్‌రెండర్‌రూట్’ నుంచి ‘దిస్’ తిరిగిస్తే అసలు షాడో డామే ఉండదు, క్లాసులన్నీ పనిచేస్తాయి. స్లాట్‌లు (బయటి కంటెంట్‌ని లోపల చూపించే చోట్లు) మాత్రం పోతాయి. కాంపొనెంట్ మీ ఒక్క యాప్‌కే అయితే నేను ఇదే ఎంచుకుంటాను.