టెక్ సందేహాలు: లైబ్రరీకి వెబ్ ఏపీఐ ఎక్కడ తగిలించాలి?

ప్రశ్న: ఏఐ ఏజెంట్లు (సొంతంగా పనులు చేసే ప్రోగ్రాములు) ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పైథాన్ లైబ్రరీ ఒకటి మా ఆఫీసులో రాసుకున్నాం. ఇప్పటిదాకా అన్నీ ఒకే ప్రోగ్రామ్‌లో నడిచేవి. ఇప్పుడు జావా టీమ్ వాళ్లు 'మేమూ వాడుకుంటాం, వెబ్ ఏపీఐ ఇవ్వండి' అంటున్నారు. లైబ్రరీలోనే ఫాస్ట్‌ఏపీఐ (పైథాన్‌లో వెబ్ ఏపీఐలు రాసే ఫ్రేమ్‌వర్క్) పెట్టేస్తే సరిపోతుందా?
– ఓ డెవలపర్, మాదాపూర్

జవాబు: పెట్టొచ్చు, కాకపోతే కోర్ ఫైళ్ల జోలికి మాత్రం పోనివ్వకండి. మీ లైబ్రరీని మామూలు స్క్రిప్టులో వాడుకునేవాళ్లకి వెబ్ సర్వర్‌తో పనేముంది? కోర్‌లో ఎక్కడ ఇంపోర్ట్ చేసినా ఫాస్ట్‌ఏపీఐతో పాటు అది ఆధారపడే స్టార్లెట్, పైడాంటిక్ లైబ్రరీలు కూడా వాళ్ల మెషిన్లలోకి దిగుతాయి. 2023లో పైడాంటిక్ రెండో వెర్షన్ వచ్చినప్పుడు పాతదాని మీద ఆధారపడ్డ ప్రాజెక్టులు ఎంత తంటాలు పడ్డాయో మీకు గుర్తుండే ఉంటుంది. అందుకే 'వెబ్' అని ఒక ఎక్స్‌ట్రా పెట్టండి. కావాలనుకున్నవాళ్లే ఇన్‌స్టాల్ చేసుకుంటారు. ఏజెంట్లు మాట్లాడుకోవడానికి వచ్చిన ఏటూఏ ప్రోటోకాల్ వాళ్ల పైథాన్ ఎస్‌డీకేలోనూ హెచ్‌టీటీపీ సర్వర్ భాగం ఇలా ఎక్స్‌ట్రాగానే ఉంది.

ఆ ఎక్స్‌ట్రాలో యాప్‌ని తయారుచేసి ఇచ్చే ఫంక్షన్ ఒక్కటి రాయండి. విడిగా నడిపే కమాండ్ దాన్నే యూవికార్న్ అనే సర్వర్‌కి అప్పగిస్తుంది. ఇప్పటికే సర్వర్ ఉన్నవాళ్లు అదే యాప్‌ని తమ దాంట్లో మౌంట్ చేసుకుంటారు. రెండు చోట్లా ఒకే కోడ్.

అసలు తలనొప్పి జవాబు ఆలస్యమైనప్పుడు మొదలవుతుంది. ఏజెంట్ ఆలోచించి, ఇంకో ఏజెంట్‌ని అడిగి, జవాబు తెచ్చేసరికి రెండు మూడు నిమిషాలు పట్టొచ్చు. మీ సర్వర్ ముందు రిక్వెస్టులు అందుకుని పంపే ఎన్‌జిన్ఎక్స్ ఉంటే, సెట్టింగ్ మార్చనంతవరకు వెనకాల సర్వర్ నుంచి 60 సెకన్లు ఉలుకూ పలుకూ లేకపోతే 504 (టైమ్‌అవుట్) ఎర్రర్ కొట్టేస్తుంది. జావా టీమ్ వాళ్లేమో ఫెయిలైందనుకుని మళ్లీ పంపిస్తారు. ఒకే పని రెండుసార్లు జరుగుతుంది, ఏఐ మోడల్ బిల్లూ రెండింతలు. కాబట్టి రిక్వెస్ట్ రాగానే 202 ('అందింది, పని ఇంకా పూర్తికాలేదు' అనే కోడ్)తో పాటు ఒక టాస్క్ ఐడీ ఇచ్చేయండి. ఎంతవరకు వచ్చిందో ఆ ఐడీతో వాళ్లే వచ్చి అడుగుతారు. మళ్లీ పంపినా కొత్త టాస్క్ పుట్టకుండా, రిక్వెస్ట్‌కి వాళ్ల వైపు నుంచే ఒక కీ (మళ్లీ పంపినా మారని గుర్తు) తీసుకోండి. జవాబు ముక్కలు ముక్కలుగా స్ట్రీమ్ చేయాలంటే ఎస్ఎస్ఈ (సర్వర్-సెంట్ ఈవెంట్స్) చాలు. ఎన్‌జిన్ఎక్స్‌లో బఫరింగ్ (జవాబుని కూడబెట్టి పంపడం) ఆపడం మర్చిపోతే మాత్రం ముక్కలన్నీ చివర్లో ఒక్కసారే వచ్చిపడతాయి.

ఇంకోటుంది, ఇది లాప్‌టాప్‌లో అస్సలు బయటపడదు. టాస్కుల్ని మామూలు డిక్షనరీలో దాచి, సర్వర్‌ని నాలుగు వర్కర్లతో లేపారనుకోండి. అవి నాలుగు వేర్వేరు ప్రాసెస్‌లు, ఒకదాని మెమరీ ఇంకోదానికి కనపడదు. మొదటి వర్కర్ దగ్గర పుట్టిన టాస్క్ గురించి మూడోదాన్ని అడిగితే 404 (దొరకలేదు) అంటుంది. రిఫ్రెష్ కొడితే ఒకసారి ఉంటుంది, ఇంకోసారి ఉండదు. ఇలాంటి బగ్ వెతకడమంత టెన్షన్ ఇంకోటి లేదు. టాస్కుల్ని మొదటి రోజే అన్ని వర్కర్లకీ కనపడే రెడిస్, పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్‌లో పెట్టేయండి.

డీఫాల్ట్ అడ్రస్ 127.0.0.1 (ఆ మెషిన్‌కి మాత్రమే అందేది)గానే ఉంచండి. బయటికి తెరవాలంటే టోకెన్ (పాస్‌వర్డ్ లాంటిది) తప్పనిసరి చేయండి, టోకెన్ లేకపోతే సర్వర్ అసలు స్టార్టే కాకూడదు. ఫైళ్లు చదవగల, కమాండ్లు నడపగల ఏజెంట్‌ని 0.0.0.0 (నెట్‌వర్క్‌లో అందరికీ అందేది) మీద ఊరికే వదిలేస్తే ఆఫీసు వైఫైలో ఉన్న ప్రతివాళ్లూ దానికి పని చెప్పొచ్చు.

ప్రశ్న: కోచింగ్‌లో ఎంసీపీ చెప్పారు. ఇంటర్వ్యూల్లో ఏటూఏ అడుగుతున్నారు. రెండూ ఒకటేనా?
– ఓ విద్యార్థిని, అమీర్‌పేట

జవాబు: కాదమ్మా. 2024 నవంబరులో ఆంత్రోపిక్ తెచ్చిన ఎంసీపీ ఏజెంట్‌ని టూల్స్‌తో, డేటాతో కలుపుతుంది. 2025 ఏప్రిల్లో గూగుల్ ప్రకటించి, జూన్‌లో లైనక్స్ ఫౌండేషన్‌కి అప్పగించిన ఏటూఏ ఏజెంట్‌ని ఇంకో ఏజెంట్‌తో మాట్లాడిస్తుంది. నేనేం చేయగలనో చెప్పే 'ఏజెంట్ కార్డ్' అనే జేసన్ ఫైల్ ఒకటి అందులో ఉంటుంది, ఇంటర్వ్యూకి వెళ్లేముందు దాన్నొకసారి తెరిచి చదవండి. ఎంసీపీ మెసేజ్‌లు జేసన్-ఆర్‌పీసీ 2.0 అనే మెసేజ్ పద్ధతిలో నడుస్తాయి, ఏటూఏలోనూ అది వాడతారు. కాబట్టి కోచింగ్‌లో నేర్చుకున్నది వృథా పోదు.