సముద్రం నడుమ రన్‌వే

ప్రశ్న: అట్లాంటిక్ మహాసముద్రంలో వెయ్యిమంది జనాభా కూడా లేని అసెన్షన్ దీవిలో మూడు కిలోమీటర్ల రన్‌వే ఉన్నదని చదివాను. అంత మారుమూల చోట దానిని ఎవరు, ఎందుకు నిర్మించారు? యుద్ధాలలో అది నిజంగా అక్కరకు వచ్చిందా?

జవాబు: అక్కరకు రావడమే కాదు, రెండు యుద్ధాలలో దానికి బదులుగా వాడుకోదగిన చోటు మరొకటి లేకపోయింది. బ్రిటన్ పాలనలోని ఈ దీవి ఆఫ్రికాకు సుమారు 1,600, బ్రెజిల్‌కు సుమారు 2,250 కిలోమీటర్ల దూరంలో ఉంది. 1942లో అమెరికా తన యుద్ధవిమానాలను ఆఫ్రికా మీదుగా ఈజిప్టుకు, అక్కడినుంచి ఇంకా తూర్పుకు పంపవలసి వచ్చినప్పుడు, నాలుగు ఇంజన్ల బాంబర్లు బ్రెజిల్‌లోని నటాల్ నుంచి ఎక్కడా దిగకుండా సముద్రం దాటగలిగాయి గాని, రెండు ఇంజన్ల బాంబర్లకు అంత దూరానికి సరిపడే ఇంధనం పట్టేది కాదు. దారి మధ్యలో ఉన్న నేల ఇదొక్కటే.

అందుకే ఆ ఏడాది మార్చి చివర అమెరికా సైనిక ఇంజనీర్లు అక్కడ దిగారు. ఓడరేవు లేనందున యంత్రాలన్నిటినీ పడవలలో ఒడ్డుకు చేర్చి, అగ్నిపర్వత శిలలను పేల్చి, జూలైకల్లా సుమారు 6,000 అడుగుల రన్‌వేను పూర్తిచేశారు. అది పూర్తికాకముందే, జూన్‌లో, ఒక బ్రిటిష్ స్వోర్డ్‌ఫిష్ విమానం అక్కడ దిగింది. శత్రువు వచ్చాడనుకుని అమెరికన్లు మొదట దానిపై కాల్పులు జరిపారు! అసలు చిక్కు పక్షులతో వచ్చింది. రన్‌వే చివరనే వేల సంఖ్యలో గుడ్లు పెట్టే టెర్న్ అనే సముద్రపు పక్షులు విమానం పైకి లేచే వేళకు గుంపులుగా అడ్డువచ్చేవి. పొగ పెట్టినా కదలని ఆ పక్షులు, పక్షిశాస్త్రవేత్త జేమ్స్ చాపిన్ సలహాపై గుడ్లను ధ్వంసం చేసిన తరువాతనే చోటు మార్చాయి.

యుద్ధం ముగిశాక, 1947లో, అమెరికన్లు వెళ్ళిపోయారు. తరువాత క్షిపణి ప్రయోగాల పరిశీలన కోసం తిరిగివచ్చి, 1960లలో రన్‌వేను సుమారు 10,000 అడుగులకు పొడిగించారు.

దక్షిణ అట్లాంటిక్‌లో బ్రిటన్ పాలనలోని ఫాక్లాండ్స్ దీవులను అర్జెంటీనా ఆక్రమించడంతో 1982లో యుద్ధం రాగానే, ఆ పొడిగింపు బ్రిటన్‌కు కలిసివచ్చింది. ఏప్రిల్ 30 రాత్రి రెండు వల్కన్ బాంబర్లతో పాటు వాటికి గాలిలోనే ఇంధనం అందించే పదకొండు విక్టర్ ట్యాంకరు విమానాలు ఇక్కడినుంచి లేచాయి. మొదటి వల్కన్ కిటికీ సరిగా మూసుకోక వెనుదిరగగా, రెండవది 6,000 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఫాక్లాండ్స్ రాజధాని స్టాన్లీ విమానాశ్రయంపై 21 బాంబులు వేసింది. రన్‌వేకు తగిలినది ఒక్కటే. ఆ దాడి ఫలితంపై వాదాలు ఉన్నా, ఒక్క బాంబరు కోసం ఒక ట్యాంకరు మరొక ట్యాంకరుకు ఇంధనం అందిస్తూ సాగిన ఏర్పాటే దాడికన్నా పెద్ద సాహసమని మా అభిప్రాయం.