ముందు ఆ మంచం మీద కూర్చో

బిడ్డా,

రాత్రిపూట ఆకాశంలో వింత వెలుగులు చూశామని ఊళ్ల నుంచి వచ్చే ఫోన్లకు ఇకమీదట నువ్వే తిరుగుతానన్నావు. సంతోషం. బండిలో ఒక స్వెటర్ పడెయ్.

ముందు నా తప్పు విను. భూపాలపల్లి దిక్కు ఒక ఊళ్లో కల్లం కాడ వడ్లకు కావలి పడుకున్న పెద్దాయన ఫోన్ చేసి, రెండు దీపాలు మెల్లగా పైకెక్కి మాయమవుతున్నాయన్నాడు. సగం విని "వేగుచుక్క అయ్యుంటది" అన్నాను. "వేగుచుక్క నాకు తెల్వదా సారూ? నడిజాముకు పొడుస్తదా?" అని పెట్టేశాడు. నిజమే, శుక్రుడు పొద్దుగూకాక పడమటనో, తెల్లారేముందు తూర్పుననో తప్ప నడిరాత్రి మనకు కనబడడు. పిల్లలకు ఫిజిక్స్ చెప్పింది నేను, గుర్తుచేసింది ఆయన. సిగ్గుతో మర్నాడు రాత్రి పోయి ఆయన మంచం మీదే కూర్చున్నా. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని మట్టి గుట్ట ఆ ఏడాదే అటువైపు పెరిగిందట. చీకట్లో గుట్ట కనబడదు, పైకెక్కే డంపర్ల, అంటే మట్టి మోసే లారీల, లైట్లు మాత్రం గాల్లో తేలుతున్నట్టే ఉన్నాయి. మలుపు తిరగ్గానే మాయం.

అందుకే, చూసిన మనిషిని చూసిన చోటే, చూసిన వేళకే నిలబెట్టు. ఎంత ఎత్తంటే "తాటిచెట్టంత" అంటారు, దాంతో ఏం చేస్తావు? చెయ్యి చాపి చూపించమను. చాచిన చేతి పిడికిలి వెడల్పు ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు, చిటికెన వేలు 1 డిగ్రీ. నేలకు ఎన్ని పిడికిళ్ల పైనో రాసుకో. టైము గుర్తులేదంటే ఆఖరి బస్సు పోయిందా, కరెంటు ఎప్పుడు పోయింది, ఇట్లా అడుగు. "డ్రోనా?" అని మాత్రం నీ నోట అనకు. అన్నావా, పక్కనున్నాయన కూడా డ్రోనే చూశానంటాడు.

చీకటి పడ్డ కాసేపటికి దండలా వరుసగా పోయేవి ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్ ఉపగ్రహాలు, 2019 మేలో మొదటి 60 ఎగిరాయి. పొద్దుగూకిన వెంటనేనో, తెల్లారేముందో ఒంటరి చుక్క కదలనట్టే కాసేపు మెరిస్తే హైదరాబాద్ నుంచి టీఐఎఫ్ఆర్ అనే పరిశోధన సంస్థ వాళ్లు వదిలే బెలూనేమో చూడు. కింద మనకు చీకటైనా 30 కిలోమీటర్ల పైన దానికి ఎండ తగులుతుంటుంది. దాని పెట్టె పొలంలో పడితే ముట్టనీయకు, పోలీసులకు చెప్పు. మండుతూ ముక్కలుగా సాగిపోతే రాకెట్ శకలం కావచ్చు. 2022 ఏప్రిల్ 2 రాత్రి మన పక్కనే చంద్రాపూర్ జిల్లాలో పెద్ద లోహపు రింగే పడింది.

కొన్ని తేలవు. అమెరికా వైమానిక దళం 1969 దాకా ఇట్లాంటి వింత వెలుగుల మీద 12,618 ఫిర్యాదులు చూసి 701 తేల్చలేక వదిలేసింది. "తెలియలేదు" అని రాసి తేదీ వెయ్యి, టెన్షన్ పడకు.

తేలింది తేలినట్టు చూసినవాళ్లకు వెళ్లి చెప్పు, ఫోన్‌లో కాదు. డంపర్ల సంగతి చెప్పాక ఆ పెద్దాయన నాకు దోస్తు అయ్యాడు. ఆయన చూసిందే ఇంకొకటి నాలుగేళ్లుగా నా నోటుబుక్కులో తేలకుండా ఉంది. ఈసారి కోతలప్పుడు రా, ఇద్దరం పోదాం.