తాహితీ వెళ్లండి, పాప ఎఫ్‌డీ మాత్రం కదపకండి

ప్రశ్న: మాది యానాం. ఇద్దరం టీచర్లం. మా తాతయ్య ఫ్రెంచివాళ్ల హయాంలో ఇక్కడ గుమాస్తాగా చేశారు. ఆయన నోట విన్న ఫ్రెంచి మాటలు ఇంకా చెవిలో ఉన్నాయి. వచ్చే మేలో మా పెళ్లయి 25 ఏళ్లు నిండుతాయి. అప్పుడు పసిఫిక్ సముద్రంలో ఫ్రెంచి మాట్లాడే తాహితీ దీవులు చూడాలని కోరిక. ఏజెంట్ ఇద్దరికీ కలిపి 9 రాత్రులకు 14 లక్షలు చెప్పాడు. అందులో 6 లక్షలు అక్కడి బోరా బోరా దీవిలో నీటి మీద బంగళాలో 5 రాత్రులకే. ఇంటి లోన్, ఖర్చులు పోగా మాకు నెలకు 32,000 మిగులుతుంది. సేవింగ్స్‌లో 3 లక్షలున్నాయి. పాప పీజీ కోసం దాచిన 4 లక్షల ఎఫ్‌డీ తీసి, 10 లక్షలు పర్సనల్ లోన్ పెట్టొచ్చా?

జవాబు: టీచర్ గారూ, ముందు ఒక మాట. ఈ కోరిక దుబారా కాదు. 1954లో ఫ్రెంచివాళ్లు యానాం వదిలి వెళ్లినా ఆ భాష మీ ఇంట్లో ఇంతకాలం మిగిలింది. దాని కోసం అంత దూరం వెళ్లాలనుకోవడం నాకు చాలా నచ్చింది. అందుకే ఈ ప్రయాణం అప్పుతో మొదలవకూడదని గట్టిగా చెబుతున్నాను.

10 లక్షల పర్సనల్ లోన్, 13 శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుందాం. నెలకు దాదాపు 22,750 కిస్తీ. మొత్తం 13 లక్షల 65 వేలు కడతారు. మీకు మిగిలే 32,000లో మూడొంతుల్లో రెండొంతులకు పైగా ఐదేళ్లపాటు దానికే పోతుంది. సరిగ్గా అదే సమయంలో పాప పీజీ ఫీజు వస్తుంది, ఎఫ్‌డీ ఉండదు. అప్పుడు పడే టెన్షన్ ముందు ఏ సముద్రమూ గుర్తుకు రాదు. సేవింగ్స్‌లో ఉన్న 3 లక్షలు కూడా ముట్టుకోకండి. అది జబ్బుకో, జీతం ఆలస్యమైన నెలకో అక్కరకొచ్చే డబ్బు.

వచ్చే మే కాకుండా ఆ పై ఏడాది మేలో వెళ్లండి. ఈ నెల నుంచే 32,000 ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) కట్టండి. 6.5 శాతం వడ్డీ వచ్చినా 24 నెలలకు 8 లక్షల 20 వేల దాకా చేతికొస్తుంది. మే అని ఊరికే అనలేదు. అక్కడ వానలు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా పడతాయి, పొడి కాలం మేలో మొదలవుతుంది. మీ బడి సెలవులూ అప్పుడే. జులై, ఆగస్టుల్లో జనం ఎక్కువ, రేట్లూ ఎక్కువ.

ఇక 14 లక్షలను 8 లక్షల దరిదాపులకు దించడం ఎలా? బోరా బోరా వదిలేయండి. ఇది నా ఖచ్చితమైన అభిప్రాయం. మీ ఏజెంట్ లెక్క ప్రకారమే అక్కడ ఒక్కో రాత్రికి 1,20,000 అవుతోంది, పైగా అక్కడికి వేరే విమానం ఎక్కాలి. తాహితీ రాజధాని పపేతే రేవు నుంచి మోరెయా దీవికి ఫెర్రీలో గంట కూడా పట్టదు. అక్కడా పచ్చటి కొండలున్నాయి, లోతు తక్కువ నీలి నీళ్లున్నాయి, నీటి మీద బంగళాలూ ఉన్నాయి. ముచ్చట కోసం ఒక్క రాత్రి బంగళాలో ఉండండి. మిగతా రాత్రులు 'పాన్సియోన్' అనే చిన్న బసల్లో గడపండి. కుటుంబాలే నడిపే ఇళ్లవి. పొద్దున్నే టేబుల్ మీద బాగెత్ రొట్టె, బొప్పాయి ముక్కలు పెట్టి ఇంటావిడ పలకరిస్తుంది. తాతయ్య నేర్పిన 'బోంజూర్', 'మెర్సీ' రిసార్ట్ కౌంటర్ దగ్గర కన్నా అక్కడే పనికొస్తాయి. వాళ్ల సొంత భాషలో 'ఇయా ఒరానా' అంటే నమస్కారం, 'మారురు' అంటే కృతజ్ఞతలు.

టికెట్లు కొనే ముందు వీసా సంగతి తేల్చుకోండి. తాహితీ ఫ్రాన్స్‌కు చెందినదే అయినా షెంజెన్ (ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల) పరిధిలోకి రాదు. దరఖాస్తులో ఫ్రెంచ్ పాలినేషియాకు (ఈ దీవులన్నిటికీ కలిపి ఉన్న పేరు) వెళ్తున్నట్టు స్పష్టంగా రాయాలి. పారిస్ నుంచి లాస్ ఏంజెలెస్ మీదుగా వెళ్లే టికెట్ చవగ్గా కనిపిస్తే ఆగండి. అమెరికాలో విమానం మారడానికి కూడా మనకు అమెరికా వీసా ఉండాలి. నా దగ్గరికి వచ్చిన ఒక జంట అది తెలియక చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే ఆగిపోయారు. ఆ కాగితాలు నా టేబుల్ మీద పెట్టినప్పుడు ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. టికెట్ల డబ్బులో రూపాయి కూడా వెనక్కి రాలేదు. ఏ దేశం మీదుగా వెళ్లినా అక్కడి ట్రాన్సిట్ వీసా గురించి ఏజెంట్‌తో రాతపూర్వకంగా చెప్పించుకోండి.

అక్కడ చెల్లేది పసిఫిక్ ఫ్రాంకు. దాని విలువ యూరోకి కట్టేసి ఉంటుంది: 1,000 ఫ్రాంకులంటే 8 యూరోల 38 సెంట్లు. కాబట్టి మీరు యూరో రేటు ఒక్కటే చూసుకుంటే చాలు. ఈ రెండేళ్లలో రూపాయి తగ్గితే బడ్జెట్ పెరుగుతుంది. ఆర్‌డీ వడ్డీని ఖర్చు లెక్కలో కలపకుండా దానికోసం పక్కన పెట్టుకోండి. కార్డు గీసేటప్పుడు మెషిన్ 'రూపాయల్లోనా, ఫ్రాంకుల్లోనా' అని అడిగితే ఫ్రాంకులే నొక్కండి. రూపాయలంటే వాళ్లు వేసే రేటుకి మీరు నష్టపోతారు.

ప్యాకేజీ కొంటే ఏజెంట్ టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) వసూలు చేస్తాడు. బడ్జెట్లలో ఆ రేటు మారుతూ వస్తోంది కాబట్టి డబ్బు కట్టే రోజు ఎంతో అడగండి. అది పోయే డబ్బు కాదు. మీ ఆదాయపు పన్ను ఖాతాలో కనిపిస్తుంది, రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు. మీ ఇద్దరిలో ఎవరికి పన్ను ఎక్కువ పడుతుందో వాళ్ల పాన్ మీదే బుక్ చేయండి.

జీతం పడిన మర్నాడే ఆర్‌డీ కట్ అయ్యేలా పెట్టండి. వచ్చే మేలో పెళ్లిరోజు నాటికి పాస్‌బుక్‌లో సగం ప్రయాణం జమై ఉంటుంది. ఆ రోజు ఏజెంట్‌ని పిలిచి, బోరా బోరా తీసేసి కొత్త కొటేషన్ అడగండి.