భుజం టెండన్‌లో కణాలు చచ్చిపోతున్నాయంటే భయపడాలా?

మీ నాన్నగారి ఎమ్మారై రిపోర్టులో ‘సుప్రాస్పైనేటస్ టెండినోసిస్’ (అంటే చెయ్యి పైకెత్తే ఓ భుజం కండరపు టెండన్ అరగడం) అని ఉందనీ, అక్కడి కణాలు చచ్చిపోతున్నాయని డాక్టరు అన్నారనీ రాశారు. నేను డాక్టరును కాను, ముప్పై ఏళ్ళు జువాలజీ చెప్పి రిటైరైన లెక్చరర్ని. నా కుడి భుజానికీ ఇదే జరిగింది కాబట్టి రాస్తున్నాను.

ఓ వేసవిలో అటక మీది ఆవకాయ జాడీ అందుకోబోతే చెయ్యి సగం లేచి ఆగిపోయింది. చొక్కా వేసుకోవాలంటే ఎడమ చేత్తో కుడి మోచేతిని ఎత్తి పట్టుకోవాలి. రాత్రి ఆ పక్కకి ఒత్తిగిలితే చాలు, మెలకువ. రెండు నెలలు వాపు మాత్రలు మింగాను. కడుపులో మంట మిగిలింది గానీ రెక్క లేవలేదు.

చివరికి ఓ ఎముకల డాక్టరు, “మాస్టారూ, ఇది వాపు కాదు, అరుగుదల. కణాలే తగ్గిపోయాయి, అపోప్టోసిస్” అన్నారు. కణం తనంతట తానే ఓ పద్ధతిగా చచ్చిపోవడమన్నమాట. నవ్వొచ్చింది. తోకకప్ప కప్పయ్యేటప్పుడు తోక ఎలా మాయమవుతుందో చెబుతూ ఏటా బోర్డు మీద నేను రాసిన మాటే అది. రాసిన చేతికే వచ్చింది!

టెండన్ అంటే కండరాన్ని ఎముకకు కట్టే తాడు, మా పాఠాల్లో స్నాయుబంధనం. అందులో ఎక్కువ భాగం కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులే. వాటి మధ్య వరుసలుగా, పలచగా టెనోసైట్లనే కణాలుంటాయి. పోగుల మరమ్మతు వాటి పని. అవి తగ్గితే మరమ్మతు కుంటుపడుతుంది, గట్టి ఒకటో రకం కొల్లాజెన్ బదులు సన్నటి మూడో రకం పెరుగుతుంది. వయసు, షుగరు, పొగతాగడం, అదేపనిగా చెయ్యి పైకెత్తి చేసే పని, ఇవన్నీ ఆ టెండన్‌కి చేటే.

చచ్చిపోవడం అనగానే కుళ్ళిపోవడం అనుకోకండి. అపోప్టోసిస్ అనే పేరు 1972లో పెట్టారు, గ్రీకులో ఆకు రాలడం అని అర్థం. కణం చిట్లిపోదు. ముడుచుకుని చిన్న చిన్న ముక్కలవుతుంది, వాటిని పక్క కణాలు మింగేస్తాయి. చుట్టూ పెద్దగా వాపు రాదు. నా మాత్రలు పనిచేయకపోవడానికి ఇదీ ఓ కారణమని నా ఊహ.

2002లో సిడ్నీ పరిశోధకులు తెగిన సుప్రాస్పైనేటస్ అంచుల నుంచి తీసిన ముక్కల్లో చూస్తే 34 శాతం కణాలు ఇలా రాలిపోతూ కనిపించాయి. పోల్చడానికి తీసుకున్న, తెగని టెండన్ ముక్కల్లో 13 శాతం. అంటే బాగున్న టెండన్‌లోనూ కొన్ని రాలుతూనే ఉంటాయి. అయితే ఆ ముక్కలు తెగాక తీసినవి. కణాలు పోయి టెండన్ తెగిందా, తెగాక కణాలు పోయాయా అన్నది వాటిని బట్టి తేలదు. ఇంకోటి, ఎమ్మారైలో చచ్చిన కణాలు కనిపించవు. టెండన్ తీరు చూసి డాక్టరు అలా చెప్పి ఉంటారు.

నేను చేసిన తప్పు చెయ్యి కట్టేసుకుని కూర్చోవడం. టెనోసైట్లకు కొద్దికొద్దిగా లాగుడు కావాలి, పూర్తి విశ్రాంతిలో టెండన్ ఇంకా బలహీనపడుతుంది. ఫిజియోథెరపిస్టు రబ్బరు బ్యాండు తలుపు గడియకి కట్టించి, మోచెయ్యి నడుముకి ఆనించి మెల్లగా లాగమన్నారు. మొదటి మూడు వారాలు ఏ మార్పూ లేదు, మానేద్దామనుకున్నాను. నాలుగో నెలకి చొక్కా దానంతటదే ఎక్కింది. జాడీ మాత్రం ఇప్పటికీ మా ఆవిడే దించుతుంది, అది వేరే సంగతి.

స్టెరాయిడ్ ఇంజక్షన్ నొప్పి తగ్గిస్తుంది, నేనూ ఒకటి తీసుకున్నాను. కానీ మళ్ళీ మళ్ళీ పొడిపించుకుంటే ఆ కణాలకే దెబ్బ. రెండోది అనేముందు గట్టిగా అడగండి. పడిపోయాక చెయ్యి ఒక్కసారిగా లేవకపోతే మాత్రం వ్యాయామాలంటూ ఆగకండి, వెంటనే సర్జన్‌కి చూపించండి.

నాన్నగారికి షుగరుందా? రిపోర్టులో ఎక్కడైనా ‘ఫుల్ థిక్‌నెస్ టేర్’, అంటే టెండన్ మందమంతా తెగింది అని ఉందా? అలా ఉంటే నా కథ మీకు వర్తించదు. చూసి రాయండి.