అండమాన్‌లో స్కూబా డైవింగ్ చేసిన రోజే విమానం ఎక్కొచ్చా?

వద్దు, ఒక్కసారే డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, రెండు మూడు సార్లు చేస్తే 18 గంటలు ఆగాలి, 24 గంటలైతే ఇంకా నిశ్చింత.

నీళ్లలో 10 మీటర్ల లోతుకు వెళ్తే ఒంటి మీద ఒత్తిడి రెట్టింపవుతుంది, దాంతో సిలిండర్ గాలిలోని నైట్రోజన్ మామూలుకంటే ఎక్కువగా రక్తంలో, కండరాల్లో కరుగుతుంది. పైకి వచ్చాక అది ఊపిరితో మెల్లగా బయటికి పోవాలి. ఈలోపే చుట్టూ ఒత్తిడి ఇంకా తగ్గిందంటే సోడా సీసా మూత తీసినట్టే, లోపల బుడగలు కడతాయి. కీళ్ల నొప్పులు, తిమ్మిర్లు, ముదిరితే కాళ్లు పడిపోవడం కూడా.

ఉదాహరణకు హేవ్‌లాక్‌లో సాయంత్రం 4కి రెండో డైవ్ ముగించి, మర్నాడు పొద్దున 8కి పోర్ట్ బ్లెయిర్ నుంచి ఫ్లైట్ పెట్టుకుంటే మధ్యలో ఉన్నది 16 గంటలే, చాలదు. డైవింగ్ ట్రిప్పు మొదట్లోనే పెట్టుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

విమానం లోపల గాలి నేల మీద ఉన్నట్టే ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉండదు, క్యాబిన్‌లో ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తులో ఉన్నంతే, అంటే దాదాపు ఊటీలో ఉన్నట్టు. స్నార్కెలింగ్‌కి మాత్రం ఈ గొడవ లేదు, నీటి పైన తేలుతూ మామూలు గాలే పీలుస్తాం కాబట్టి.