లెక్కల్లో ముందున్న పాపకు ఏ స్కూల్ మంచిది?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. మా పాపకు ఏడేళ్లు, రెండో తరగతి. ఎవరూ నేర్పకుండానే రెండంకెల గుణకారాలు నోటిలెక్కగా చెప్పేస్తుంది. సున్నా కంటే చిన్న సంఖ్యలు ఉంటాయా అని అడుగుతుంది. స్కూల్లో మాత్రం ఇచ్చిన పని ముందే ముగించి పక్కవాళ్లతో కబుర్లు పెడుతోందని డైరీలో రాస్తున్నారు. ఈమధ్య పొద్దున్నే కడుపునొప్పి అంటోంది. మావారు ఒలింపియాడ్ బ్యాచ్ ఉన్న స్కూల్లో చేర్పిద్దామంటారు. మా అత్తగారు ఒక క్లాసు దాటించేయమంటారు, చుట్టాలు వస్తే పాపతో లెక్కలు చెప్పిస్తారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

సలహా: అమ్మా, ముందు ఆ కడుపునొప్పి సంగతి చూడండి. పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించండి. ఆదివారాలు, సెలవుల్లో నొప్పి రావడం లేదంటే అది స్కూలు భయమో, విసుగో అయ్యుండొచ్చు. తిట్టకుండా, రాత్రి పడుకునేటప్పుడు మెల్లగా అడగండి.

ఒలింపియాడ్, టెక్నో, ఫౌండేషన్ అన్న బోర్డులు చూసి మాత్రం తొందరపడకండి. చాలాచోట్ల వాటి అర్థం పైతరగతి సిలబస్ ముందే చెప్పడం, వారం వారం పరీక్ష పెట్టడం. మన దేశంలో అసలైన గణిత ఒలింపియాడ్‌కు తొలిమెట్టయిన ఐఓక్యూఎం పరీక్ష ఎనిమిదో తరగతి నుంచి రాసేది. ఏడేళ్ల పిల్లకు ఇప్పుడు చేజారిపోయేదేమీ లేదని మీవారికి చెప్పండి. అబాకస్ క్లాసులూ వద్దు. వాటితో పెరిగేది వేగం, అది పాపకు ఇప్పటికే ఉంది.

స్కూలు చూడ్డానికి వెళ్తే ప్రిన్సిపాల్‌తో మాట్లాడి వచ్చేయకండి. చిన్న తరగతులకు లెక్కలు చెప్పే టీచరును కలిసి, ‘మా పాప పని పది నిమిషాల్లో అయిపోతే మీరేం చేయిస్తారు?’ అని అడగండి. ‘ఇంకో ఇరవై లెక్కలిస్తాం’ అంటే ఆ స్కూలు వద్దు. ‘అదే లెక్క ఇంకో దారిలో చేయమంటాం, తనే కొత్త లెక్క తయారుచేయమంటాం’ అనే టీచరు దొరికితే, బిల్డింగు పాతదైనా చేర్పించండి. ఎన్‌ఏడీ జంక్షన్ ట్రాఫిక్ దాటుకుని రోజూ సీతమ్మధార దాకా బస్సులో పంపడం ఆ వయసుకు భారం. ముందు దగ్గర్లో వెతకండి. సీటు కోసం పాపకు ప్రవేశ పరీక్ష పెడతామంటే ఒప్పుకోకండి. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ దాన్ని నిషేధించింది.

క్లాసు దాటించడం మీద నాకు అంత సుముఖత లేదు. లెక్కల్లో పదేళ్ల బుర్ర ఉన్నా చేతిరాత, చదవడం, స్నేహాలు ఏడేళ్లవే కదా. లెక్కల పీరియడ్‌కు మాత్రం పైక్లాసులో కూర్చోనిస్తారేమో ఇప్పటి స్కూల్లోనే అడగండి.

నాకు ఎక్కువ దిగులు కలిగించింది చుట్టాల ముందు లెక్కలు చెప్పించడం. టక్కున జవాబు చెబితేనే అందరూ మెచ్చుకుంటారని పాప మనసులో పడితే, రానిదాన్ని ముట్టుకోవడానికే భయపడుతుంది. ఇప్పటిదాకా తనకు రాని లెక్క ఎదురైందో లేదో! అది ఇంట్లోనే ఎదురవ్వాలి, మీరు పక్కనుండగా. అత్తగారికి నొప్పి కలగకుండా, ‘మీరు వామనగుంటలు నేర్పండత్తయ్యా’ అనండి. ఏ గుంటలోంచి తీస్తే ఎక్కడ ఆగుతుందో ముందే ఊహించడం మంచి గణితం. పైగా నానమ్మ చేతిలో ఓడిపోవడమూ అలవాటవుతుంది.

కాప్రేకర్ అనే మహారాష్ట్ర స్కూలు మాస్టారు కనిపెట్టిన లెక్క ఒకటి ఇవ్వండి. 3524 తీసుకుని అంకెల్ని పెద్ద నుంచి చిన్నకు, చిన్న నుంచి పెద్దకు పేర్చి తీసివేస్తే 5432 – 2345 = 3087. మళ్లీ అలాగే చేస్తే 8352, ఆపైన 6174. ఇక అక్కడే తిరుగుతుంది. నాలుగంకెలూ ఒకటే కాకుంటే చాలు, ఏ సంఖ్యతో మొదలుపెట్టినా గరిష్ఠంగా ఏడు మెట్లలో 6174 వస్తుంది. ఎందుకని పాప అడిగితే, ‘నాకూ తెలీదు, చూద్దాం పద’ అనండి. తెలీదనడానికి సిగ్గుపడకండి.

ఈ ఏడాదికి ఉన్నచోటే ఉంచి, క్లాస్ టీచరుతో ఫిర్యాదులా కాకుండా సాయం అడిగినట్టు మాట్లాడండి. సంక్రాంతి సెలవుల తర్వాత కూడా పాప ఏడుస్తూనే వెళ్తుంటే, జూన్‌లో మార్చేయండి. మార్చే ముందు ఆ కొత్త క్లాసులో ఒక పూట తనను కూర్చోనిచ్చి, ఎలా ఉందో తననే అడగండి.